రేకుల పనివాడి కూతురు, చికాగో బళ్ళ పెద్ద

మా పిల్లల బడికి వచ్చే ఏడాది కొత్త ప్రిన్సిపల్ వస్తున్నారని ఈమెయిల్ వచ్చిన సాయంత్రమే షామ్‌బర్గ్‌లోని మా తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు వేడెక్కింది. ఎక్కడ చదివారు, ఇంతకుముందు ఏ బడిలో చేశారు, అక్కడి రేటింగ్ ఎంత అని మొదలైంది. చివరికి ఆయన కాలేజీ రోజుల్లో స్కూల్ బస్సు నడిపి ఫీజులు కట్టుకున్నారట అన్న దగ్గర ఆగింది. ఆ మాటకి ఎవరో నవ్వు బొమ్మ పెట్టారు. నేనూ ఒకటి పెట్టాను.

రాత్రి పడుకోబోయే ముందు అది గుర్తొచ్చి మనసుకి అదోలా అయింది. నేను చదువుకున్న జిల్లా పరిషత్ బడి హెడ్మాస్టరు గారు మగ్గం నేసే ఇంటి నుంచి వచ్చిన మనిషి. పరీక్ష ఫీజు కట్టని పిల్లల పేర్లు ఆయన ఎప్పుడూ క్లాసులో చదివించేవారు కాదు. ఇంటికి కబురు పెట్టి తండ్రితోనో తల్లితోనో మెల్లిగా మాట్లాడేవారు. ఆయన తర్వాత వచ్చినాయన మొదటి వారంలోనే ఆ పేర్లు ప్రేయర్ దగ్గర చదివించారు. మరునాడు నా పక్కన కూర్చునే కుర్రాడు బడికి రాలేదు, ఆ తర్వాతా రాలేదు. రెండో ఆయన చెడ్డవారేం కాదు, పాఠం బాగా చెప్పేవారు. ఆయనకి ఆ సంగతి తట్టలేదంతే.

ఇలినాయ్ రిపోర్ట్ కార్డ్ తెరిచి చూస్తే ప్రతి బడికీ లెక్కలుంటాయి. పిల్లల్లో తక్కువ ఆదాయం ఇళ్ళవాళ్ళు ఎంత శాతం, హాజరు ఎంత, పరీక్షల్లో ఎంతమంది గట్టెక్కారు అని. పిల్లల ఇంటి పరిస్థితి వాళ్ళ చదువుని ఎంత లాగుతుందో 1966 నాటి కోల్‌మన్ రిపోర్టు నుంచి ఈ దేశం మాట్లాడుకుంటూనే ఉంది. బడిని నడిపే మనిషి ఏ ఇంటి నుంచి వచ్చారన్నదానికి మాత్రం ఆ కార్డులో గడి లేదు. ఉండాలని నేననను. కానీ ఆ సంగతి బడి మీద పని చేస్తుందా, చేస్తే ఎలా చేస్తుంది అన్న ప్రశ్న నన్ను వదల్లేదు. వెతుక్కుంటూ పోతే మనకి ముప్పై మైళ్ళ దూరంలో, ఐ-90 మీద తిన్నగా వెళ్తే వచ్చే చికాగోలోనే ఒక జీవితం దొరికింది. ఆవిడ పేరు ఎల్లా ఫ్లాగ్ యంగ్. పోయి వందేళ్ళు దాటింది. చికాగో బళ్ళ చరిత్ర తెలిసినవాళ్ళకి అందరికీ తెలిసిన పేరే, మన తెలుగిళ్ళలో మాత్రం ఎవరి నోటా వినలేదు.

1845 జనవరి 15న న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలోలో పుట్టింది ఎల్లా. తండ్రి థియోడర్ ఫ్లాగ్ రేకుల పనివాడు. చిన్నప్పుడే బడి మాని ఆ పనిలో చేరాడు. కానీ చేతికి అందిన పుస్తకమల్లా చదివేవాడు. తల్లి జేన్ స్కాటిష్ ఇంటి మనిషి, ఇంటి వ్యవహారమంతా ఆవిడ చేతిలోనే ఉండేది. ముగ్గురు పిల్లల్లో ఎల్లా ఆఖరుది, బక్క పిల్ల. నాలుగ్గోడల మధ్య కూర్చుంటే ఇంకా నీరసపడుతుందని తల్లి బడికి పంపలేదు, తోటలో తిరగనిచ్చింది. ఎనిమిదో తొమ్మిదో ఏట ఒకరోజు తల్లి పేపర్లో ఒక బడి తగలబడిన వార్త పైకి చదివింది. ఆ పిల్ల ఆ పేపర్ తీసుకుని మూలకి పోయి, విన్న మాటల్ని అచ్చులోని మాటలతో పోల్చుకుంటూ తనంతట తనే చదవడం నేర్చుకుంది. తర్వాత రోజుల్లో లక్షల మంది పిల్లల బళ్ళను నడిపిన మనిషి అక్షరాలు నేర్చుకున్నది బడిలో కాదు.

1858లో కుటుంబం చికాగో చేరింది. అప్పటికి మన షామ్‌బర్గ్ అంటే జర్మన్ రైతుల పొలాలు, ఆవులు. పల్లెల్లో ఒంటిగది బళ్ళు. అలాంటి పాత బడి ఒకదాన్ని ఇప్పటికీ ఇక్కడ భద్రంగా ఉంచారు, పిల్లల్ని తీసుకెళ్ళి చూపించాను. ఒకే గది, ఒకే టీచరు. పైన అధికారి, కింద పనివాళ్ళు అన్న వరస ఆ గదిలో లేదు. నగరంలో అలా కాదు. వలస వచ్చినవాళ్ళతో చికాగో ఉబ్బిపోతోంది, ఒక్కో క్లాసులో యాభై అరవై మంది పిల్లలు కూర్చునేవారు. దాంతో బళ్ళకు బోర్డు, బోర్డు కింద సూపరింటెండెంట్, ఆయన కింద ప్రిన్సిపళ్ళు, వాళ్ళ కింద టీచర్లు అని మెట్లు లేచాయి.

ఆ మెట్లలో మొదటిదే ఎల్లాకి తట్టుకుంది. బఫలోలో చదివింది లెక్కలోకి రాదు, హైస్కూలుకి వెళ్ళాలంటే ముందు చికాగో బడిలో కొన్నాళ్ళు కూర్చోవాలన్నారు. వచ్చిన పాఠాలే మళ్ళీ చెప్తుంటే విసిగి మానేసింది. పదిహేనో ఏట స్నేహితురాలితో కలిసి టీచర్ల పరీక్ష రాసి ప్యాసయింది. వయసు చాలదన్నారు. అయితే నార్మల్ స్కూల్లో చేరమని సూపరింటెండెంటే దారి చూపించాడు. నార్మల్ స్కూల్ అంటే మన టీచర్ ట్రైనింగ్ లాంటిదే.

ఇక్కడ తల్లి అడ్డుపడింది. డబ్బు గురించి కాదు, కూతురి స్వభావం గురించి. ఈ పిల్లకి ఓర్పు లేదు, చిన్నపిల్లల మనసు తెలీదు, టీచరుగా పనికిరాదని ఆవిడ అనుమానం. ఎల్లా వాదించలేదు. వారం వారం ఒక క్లాసుకి వెళ్ళి కూర్చుని పిల్లల్ని చూసింది, తన చేత పాఠం చెప్పనిమ్మని అడిగి చెప్పింది. కొన్ని వారాలకి తనకీ తల్లికీ నమ్మకం కుదిరింది. ఆ రోజుల్లో నార్మల్ స్కూళ్ళలో పాఠం చెప్పడం గురించి చెప్పేవారు గానీ పిల్లల ముందు నిలబెట్టడం తక్కువ. తల్లి అనుమానం పుణ్యమా అని ఆ పిల్ల తనకి తానే ఒక పద్ధతి కనిపెట్టుకుంది. 1865లో, ఇరవై ఏళ్ళకే, నగరం స్కామన్ స్కూల్లో టీచర్ల అభ్యాసం కోసం పెట్టిన బడికి ఆవిణ్ణే పెద్దని చేశారు.

అంతకు మూడేళ్ళ ముందు, 1862లో ఉద్యోగం మొదలైంది. తొందర్లోనే ఒక మొండి క్లాసు అప్పగించారు. ఊరి చివర పశువులు తోలుకునే కుర్రాళ్ళు, కొందరు ఆవిడకంటే పెద్దవాళ్ళు, పొడుగువాళ్ళు. పదిహేడేళ్ళ పిల్ల వాళ్ళని బెత్తంతో కాకుండా పాఠంతో కూర్చోబెట్టిందని ఆవిడ జీవితం రాసినవాళ్ళు చెప్తారు. రేకుల పనివాడి ఇంట్లో పెరిగిన పిల్లకి చేతులతో పని చేసే కుర్రాడు వింత జంతువులా కనిపించి ఉండడు. ఇది నా ఊహ, రాసినవాళ్ళది కాదు.

1868లో విలియం యంగ్ అనే వ్యాపారిని పెళ్ళి చేసుకున్నారు. ఆయన వయసులో చాలా పెద్ద, ఆరోగ్యం అంతంతమాత్రం. కొద్ది ఏళ్ళకే పోయారు. ఆ కొన్నేళ్ళలోనే అన్న రైలు ప్రమాదంలో పోయాడు, తల్లి, తండ్రి, అక్క అందరూ వెళ్ళిపోయారు. ముప్పై ఏళ్ళు వచ్చేసరికి ఇల్లంటూ మిగల్లేదు. ఇక బడే ఇల్లు. దీని గురించి ఆవిడ ఎక్కడా పెద్దగా మాట్లాడలేదు, నేనూ సాగదీయను.

1876లో స్కామన్ స్కూలుకి ప్రిన్సిపల్. 1879లో స్కిన్నర్ స్కూలు, నగరంలోని పెద్ద బళ్ళలో ఒకటి. 1887లో అసిస్టెంట్ సూపరింటెండెంట్. కఠినమైన మనిషని పేరు. పని సరిగా లేకపోతే మొహం మీదే చెప్పేవారు. తల్లి భయపడిన గుణం పూర్తిగా పోలేదన్నమాట. కానీ ఒక అలవాటు ఆవిణ్ణి మిగతా అధికారుల నుంచి వేరు చేసింది. ఏదైనా మార్చాలంటే టీచర్లని కూర్చోబెట్టి ముందు వాళ్ళని అడిగేవారు. పాఠ్యప్రణాళిక మీద, క్లాసుల ఏర్పాటు మీద టీచర్ల మాటే మొదటి మాట. అప్పట్లో చికాగో ప్రాథమిక బళ్ళలో పాఠం చెప్పేవాళ్ళు ఎక్కువమంది ఆడవాళ్ళు, చాలామంది ఐరిష్ వలసదారుల కూతుళ్ళు, కూలి ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళని అడగడం ఏమిటని పై మెట్టు వాళ్ళు అనుకునేవారు.

1898లో మేయర్ కార్టర్ హారిసన్ ఒక కమిషన్ వేశారు, బళ్ళని ఎలా బాగుచెయ్యాలో చెప్పమని. దానికి పెద్ద విలియం రైనీ హార్పర్, చికాగో విశ్వవిద్యాలయం అధ్యక్షుడు, రాక్‌ఫెల్లర్ డబ్బుతో ఆ విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టిన మేధావి. 1899లో వచ్చిన ఆ రిపోర్టు సారం ఇది: బోర్డు చిన్నది చెయ్యాలి, సూపరింటెండెంట్‌కి అధికారం పెంచాలి, కాలేజీ చదువున్నవాళ్ళకి పెద్దపీట వెయ్యాలి, మగ టీచర్లని ఎక్కువ జీతం ఇచ్చి రప్పించాలి. వ్యాపార సంస్థ నడిపినట్టు బడి నడపాలన్నది అందులోని నమ్మకం. టీచర్లు మండిపడ్డారు, బిల్లు స్ప్రింగ్‌ఫీల్డ్‌లో గట్టెక్కలేదు.

ఇక్కడ ఆగి ఒకటి చెప్పాలి, లేకపోతే నా కథ మరీ సులువైపోతుంది. ఆ హార్పర్ కూడా ధనవంతుల బిడ్డ కాడు. ఒహాయోలో ఒక చిన్న ఊళ్ళో బట్టల కొట్టు నడిపే ఆయన కొడుకు. పదేళ్ళకి కాలేజీలో చేరి, పద్ధెనిమిదికి యేల్‌లో డాక్టరేటు తెచ్చుకున్నాడు. అంటే కొట్టు ఇంటి నుంచి వచ్చినవాడు కొట్టువాళ్ళ పక్షానే ఉంటాడని, కూలి ఇంటి నుంచి వచ్చినవాడు కూలివాళ్ళని మరిచిపోడని లెక్క కట్టడానికి లేదు. నా అనుకోలు ఏమిటంటే హార్పర్‌ని చదువు పదేళ్ళకే తనవాళ్ళ నుంచి ఎత్తుకుపోయింది. ఎల్లా మాత్రం చదువుతో పాటు ముప్పై ఏడేళ్ళు అదే నగరం బళ్ళలో, అవే ఇళ్ళ పిల్లల మధ్య ఉండిపోయారు. ఎక్కడ పుట్టామన్నదే కాదు, ఆ తర్వాత ఎక్కడ ఉండిపోయామన్నది కూడా లెక్కలోకి వస్తుంది. మనం కూడా పలాస నుంచో పాలమూరు నుంచో బయల్దేరి ఇక్కడ నాలుగు బెడ్రూముల ఇంట్లో కూర్చుని బస్సు డ్రైవర్‌కి నవ్వు బొమ్మ పెట్టే దాకా వచ్చాం.

1898లోనే సూపరింటెండెంట్‌గా బెంజమిన్ ఆండ్రూస్ వచ్చారు. అంతకుముందు బ్రౌన్ విశ్వవిద్యాలయం అధ్యక్షుడు. యుద్ధంలో ఒక కన్ను పోగొట్టుకున్న మనిషి, పండితుడు. బళ్ళు నడపడమంటే ఆయన దృష్టిలో ఉత్తర్వులు పంపడం. ఎన్ని ఉత్తర్వులంటే, టీచర్లు ఆయనకి దాని మీదే మారుపేరు పెట్టారు. తన కింద పనిచేసేవాళ్ళతో చర్చించే వీలు లేని చోట తను ఉండలేనని ఎల్లా యంగ్ 1899లో రాజీనామా చేశారు. వయసు 54. పింఛను చూసుకుని కూర్చునే వయసు.

ఆవిడ విద్యార్థి అయ్యారు. జాన్ డ్యూయీ అప్పుడు చికాగో విశ్వవిద్యాలయంలో ఉన్నారు, ఆయన క్లాసులకి అంతకు కొన్నేళ్ళ ముందు నుంచే వెళ్ళేవారు. 1900లో, 55 ఏళ్ళ వయసులో, డాక్టరేటు తీసుకున్నారు. సిద్ధాంత గ్రంథం పేరు ఐసొలేషన్ ఇన్ ది స్కూల్. పేరు చూసి తత్వం అనుకుంటాం. విషయం ఆఫీసు సంగతే. ఆలోచించేవాళ్ళు పైన, చేసేవాళ్ళు కింద అని బడిని విడగొడితే టీచరు ఫ్యాక్టరీలో మర తిప్పే మనిషి అయిపోతుంది, అలా అయిన టీచరు దగ్గర పిల్లలు కూడా చెప్పింది చెయ్యడమే నేర్చుకుంటారు అని ఆవిడ వాదన. తండ్రి రేకులు కొట్టి బతికినవాడు కనక మర తిప్పడమంటే ఏమిటో ఆవిడకి పుస్తకంలో చదివి తెలుసుకోనవసరం లేదు. బడి మీద డ్యూయీ ఆలోచనలకి ఎల్లా యంగ్ అనుభవం చాలా ఇచ్చింది, ఆయన ఆ సంగతి దాచుకోలేదు. టీచరు పనితో మొదలైన మనిషి దగ్గర తత్వవేత్త పాఠం నేర్చుకున్నాడంటే మనకి ముచ్చటగానే ఉంటుంది.

నాలుగేళ్ళు అక్కడే ఆచార్యురాలిగా ఉన్నారు. 1904లో హార్పర్‌కీ డ్యూయీకీ చెడి డ్యూయీ వెళ్ళిపోతే ఆవిడా బయటికి వచ్చేశారు. 1905 నుంచి నాలుగేళ్ళు చికాగో నార్మల్ స్కూలుకి ప్రిన్సిపల్, అంటే తను చదువుకున్న దారిలో వచ్చే అమ్మాయిల్ని టీచర్లుగా తయారుచెయ్యడం.

1909లో సూపరింటెండెంట్ పదవి ఖాళీ అయింది. మగవాళ్ళ పేర్లు చాలా నలిగాయి, చివరికి బోర్డు ఆవిణ్ణి ఎన్నుకుంది. 64 ఏళ్ళు. ఏడాదికి 10,000 డాలర్ల జీతం, దాదాపు 3 లక్షల మంది పిల్లలు, 6,000కి పైగా టీచర్లు. అమెరికాలో అంత పెద్ద నగరం బళ్ళకి ఒక ఆడమనిషి పెద్ద కావడం అదే మొదటిసారి. ఆ రోజుకి చికాగో మేయర్ ఎన్నికలో ఓటు వేసే హక్కు ఆవిడకి లేదు. మరుసటి ఏడు జాతీయ విద్యా సంఘానికి మొదటి మహిళా అధ్యక్షురాలయ్యారు.

రాగానే చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఆవిడకి ముందున్న ఎడ్విన్ కూలీ హయాంలో టీచర్లకి రహస్య మార్కులు ఉండేవి. ఎవరికెంత వేశారో, ఎందుకు వేశారో ఆ టీచరుకి తెలియదు, కానీ జీతం పెరగడం దాని మీదే ఉండేది. ఎల్లా యంగ్ దాన్ని తీసేశారు. ఐటీ కంపెనీల్లో ఏటేటా రేటింగుల కోసం ఎదురుచూసే మనవాళ్ళకి ఆ బాధ వేరే చెప్పాలా. ఆ తర్వాత టీచర్ల కౌన్సిళ్ళు పెట్టారు, బడి స్థాయిలో అనుకున్నది పై దాకా వచ్చే దారి ఏర్పరిచారు. టీచర్ల సంఘం నాయకురాలు మార్గరెట్ హేలీ కసాయివాడల పక్కనున్న హెండ్రిక్స్ స్కూల్లో పదహారేళ్ళు ఆరో తరగతి చెప్పిన ఐరిష్ ఇంటి మనిషి. నగరం వీధులు వాడుకుంటూ పన్ను ఎగ్గొడుతున్న పెద్ద పెద్ద కంపెనీల లెక్కలు 1900లో తవ్వి తీసి, కోర్టుకెక్కి గెలిచింది హేలీ, కేథరిన్ గాగిన్ ఇద్దరే. మామూలు సూపరింటెండెంట్ అయితే ఇలాంటి వాళ్ళని దగ్గరికి రానివ్వరు. ఎల్లా యంగ్ తలుపు వాళ్ళకి తెరిచే ఉండేది.

అసలు పరీక్ష మాత్రం వేరే చోట వచ్చింది. పదవి దిగిన కూలీని నగరంలోని వ్యాపారుల కమర్షియల్ క్లబ్ యూరప్ పంపింది, అక్కడి వృత్తి విద్య చూసి రమ్మని. జర్మనీ పద్ధతి చూసి వచ్చి ఆయన ఒక పథకం ఇచ్చారు. పద్నాలుగేళ్ళ తర్వాత పనికి పోయే పిల్లలకి వేరే బళ్ళు, వేరే బోర్డు, వేరే నిధులు. వినడానికి బాగానే ఉంటుంది. పనికొచ్చే చదువే కదా. కానీ ఆ వయసులోనే పిల్లల్ని రెండు దారుల్లో పెడితే ఏ ఇంటి పిల్లలు ఏ దారిన పోతారో ముందే తెలిసిపోతుంది. కార్మిక సంఘాలు ఎదురు తిరిగాయి, డ్యూయీ ఎదురు తిరిగారు, ఎల్లా యంగ్ కూడా ఆ వైపే నిలబడ్డారు. వృత్తి చదువు వద్దని ఆవిడ అనలేదు. ఆవిడ హయాంలోనే హైస్కూళ్ళలో రెండేళ్ళ వృత్తి కోర్సులు వచ్చాయి, 1911లో అమ్మాయిలకి లూసీ ఫ్లవర్ టెక్నికల్ హైస్కూల్ వచ్చింది. అవన్నీ ఒకే బడుల వ్యవస్థలో ఉండాలి, ఒక కప్పు కింద లాయర్ కొడుకూ వడ్రంగి కొడుకూ కూర్చోవాలి అన్నదే ఆవిడ పట్టు. కూలీ బిల్లు 1913లోనూ, 1915లోనూ గట్టెక్కలేదు.

అన్నీ కలిసొచ్చాయనుకోకండి. 1913లో హైస్కూలు పిల్లలకి శరీరం గురించి, లైంగిక ఆరోగ్యం గురించి డాక్టర్ల చేత ఉపన్యాసాలిప్పించారు. ఒక పెద్ద నగరం బళ్ళలో అలా చేయడం దేశంలో అదే మొదలు. గోల లేచింది, బోర్డు ఆపేసింది. బోర్డు సభ్యులు ప్రతి దాంట్లో వేలు పెట్టడం చూసి ఆ జూలైలో రాజీనామా ఇచ్చారు, వద్దని నిలిపారు. డిసెంబరులో మళ్ళీ ఎన్నిక. ఈసారి ఓట్లు చాలలేదు, ఆవిడ తప్పుకున్నారు, ఆ స్థానంలో జాన్ షూప్‌ని పెట్టారు. అప్పుడు చికాగో ఆడవాళ్ళు వీధిలోకి వచ్చారు. ఆడిటోరియం థియేటర్‌లో పెద్ద సభ జరిగింది, జేన్ ఆడమ్స్ వంటివారు నిలబడ్డారు. కొన్ని నెలల ముందే ఇలినాయ్‌లో ఆడవాళ్ళకి ఓటు హక్కు కొంతమేర వచ్చింది, మేయర్‌కి ఆ లెక్క తెలుసు. కొందరు బోర్డు సభ్యుల రాజీనామా పత్రాలు ఆయన దగ్గర ముందే ఉన్నాయి, అవి తీసి ఆమోదించారు. కొత్త బోర్డు అదే నెలలో ఎల్లా యంగ్‌ని మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ షూప్ ఆవిడ కిందే పనిచేస్తూ, చివరికి ఆవిడ తర్వాత సూపరింటెండెంట్ అయ్యారు.

1915లో బోర్డులోని జేకబ్ లోబ్ అనే బీమా వ్యాపారి టీచర్లు సంఘంలో ఉండకూడదని నియమం తెచ్చారు. ఆవిడ ఒప్పుకోలేదు, ఆపనూ లేకపోయారు. ఆ ఏడాది చివర పదవి వదిలేశారు. మరుసటి వేసవిలో బోర్డు 68 మంది టీచర్లని తీసేసింది, వాళ్ళలో 38 మంది సంఘంలో ఉన్నవాళ్ళు. తీసేసినవాళ్ళలో చాలామందికి పనిలో మంచి పేరే ఉంది. ఆరేళ్ళు కట్టింది ఆరు నెలల్లో ఎంత సులువుగా కూలిందో చూస్తే దిగులేస్తుంది.

మరి ఆవిడ హయాంలో బళ్ళు బాగా నడిచాయా అంటే, ఇప్పటి రిపోర్ట్ కార్డ్ లాంటి మార్కుల పట్టిక ఆ కాలానికి లేదు. ఉన్నా దాన్నిబట్టి ఇది రేకుల పనివాడి కూతురి ఘనత అని చెప్పడం కుదరదు. అదే నగరం, అవే క్లాసులు, అదే డబ్బు కొరత. నాకు కనిపించేది వేరే. ఆండ్రూస్‌కీ కూలీకీ కనిపించనివి ఆవిడకి కనిపించాయి. రహస్య మార్కు పడిన టీచరు ఇంటికెళ్ళి ఏమనుకుంటుందో, పద్నాలుగేళ్ళకి పక్కదారి పట్టించిన పిల్లాడి తండ్రి ఏమనుకుంటాడో ఆవిడకి తెలుసు. తెలుసు కనక అడిగేవారు. ఆ అడగడం వల్లే కొన్ని తప్పులు జరక్కుండా ఆగాయి. జరగని తప్పుని ఏ పట్టికలో రాస్తారు? మా ఊరి హెడ్మాస్టరు గారు చదివించని ఆ పేర్లకి కూడా ఎక్కడా లెక్క లేదు.

1918లో మొదటి ప్రపంచ యుద్ధం చివరికొచ్చింది. 73 ఏళ్ళ వయసులో ఆవిడ లిబర్టీ లోన్ బాండ్ల కోసం ఊరూరా తిరుగుతున్నారు. ఆ ఏడాదే ఇన్‌ఫ్లూయెంజా విరుచుకుపడింది. అక్టోబర్ 26న వాషింగ్టన్‌లో పోయారు. యుద్ధం ఆగడానికి ఇంకా పదహారు రోజులుంది.

చికాగో పడమటి వైపు ఆస్టిన్‌లో ఆవిడ పేరు మీద ఒక ఎలిమెంటరీ స్కూల్ ఉంది. 1988 నాటి చట్టం తర్వాత చికాగోలో చాలా బళ్ళకి ప్రిన్సిపల్‌ని ఎంచేది తల్లిదండ్రులూ, టీచర్లూ, చుట్టుపక్కలవాళ్ళూ ఎన్నికై కూర్చునే లోకల్ స్కూల్ కౌన్సిళ్ళే. ఆవిడ ఉంటే ఆ మీటింగులకి వెళ్ళి ముందు వరసలో కూర్చునేవారేమో.

మా బడికి వచ్చే కొత్త ప్రిన్సిపల్‌తో తల్లిదండ్రుల సమావేశం ఆగస్టులో పెట్టారు. ప్రశ్నలుంటే ముందే పంపమన్నారు. గ్రూపులో చాలామంది పంపారు, ఎక్కువ భాగం గిఫ్టెడ్ ప్రోగ్రాం గురించి, మ్యాథ్ గురించి. నా నవ్వు బొమ్మ తీసేశాను గానీ అప్పటికే అందరూ చూసేశారు. నేను పంపిన ప్రశ్న ఒకటే. మీ టీచర్ల మీటింగుల్లో ఎక్కువసేపు ఎవరు మాట్లాడతారండీ అని.